'ప్రమాదవశాత్తు' అనే మాట



మీ ఇంట్లో పాత దినపత్రికల కట్ట వుంటే ఒకసారి విప్పి చూడండి. ఏ సంవత్సరపు పత్రికైనా సరే, జిల్లా పేజీలో ఒక మాట తరచుగా కనిపిస్తుంది. అదే 'ప్రమాదం'. రోడ్డు ప్రమాదం, అగ్ని ప్రమాదం, పడవ ప్రమాదం. దాని తోబుట్టువు 'ప్రమాదవశాత్తు'. ఈ వారం ఈ మాటను గురించి ఆలోచిద్దాం.

ప్రమాదం సంస్కృత పదం. అమరకోశం దీనికి చెప్పే అర్థం అనవధానత, అనగా ఏమరుపాటు. మొదట ఇది మనిషిలోని లోపానికి పేరు. తరువాత ఆ లోపం వల్ల కలిగే ఆపదకు పేరయింది. ఇంగ్లీషువారి 'యాక్సిడెంట్' అలాంటిది కాదు. దాని లాటిన్ మూలానికి 'వచ్చిపడడం, సంభవించడం' అని అర్థం. నేడు మనం ప్రమాదం అంటున్నా, మన మనసులో వున్నది ఆ ఇంగ్లీషు అర్థమే.

వార్తలలోని వాక్యాలను గమనించండి. లారీ అదుపు తప్పింది. బస్సు బోల్తా పడింది. మృత్యువు కబళించింది. వీటిలో కర్తలు లారీ, బస్సు, మృత్యువు. మనిషి ఎక్కడా లేడు. ఇందుకు విలేఖరిని తప్పు పట్టనవసరం లేదు. దర్యాప్తు కాకముందే ఎవరి మీదా నేరం మోపకూడదు కదా! కాని దర్యాప్తు ముగిసేనాటికి వార్త పాతబడుతుంది. మొదటి రోజు మాటే మన మనసులో నిలిచిపోతుంది.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర బడిపిల్లల బస్సును రైలు ఢీకొన్నది. పదిహేను మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. మనం దానిని రైలు ప్రమాదం అన్నాం. అక్కడ పట్టాలు దాటేచోట గేటు లేదు, కాపలా మనిషి లేడు. బ్రాడ్‌గేజ్ మార్గాలలో అటువంటి క్రాసింగులన్నింటినీ తొలగించామని 2019లో రైల్వేశాఖ ప్రకటించింది. అంటే నివారణ మనుషుల చేతిలో వున్నదే.

చట్టం మాత్రం వేరే మాట వాడుతుంది. పూర్వపు శిక్షాస్మృతిలోని 304-ఎ సెక్షన్ గాని, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ గాని చెప్పేది 'నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించుట' అనే. ఇతర దేశాల పత్రికలు కూడా దీనిపై ఆలోచించాయి. నిర్లక్ష్యం జరిగిందన్న ఆరోపణ వున్నచోట 'యాక్సిడెంట్' అనే మాట వాడవద్దని 2016లో అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్ తన విలేఖరులకు సూచించింది.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన విచారణలో, మట్టి కోసం తవ్వి వదిలేసిన గుంటలో వాననీళ్ళు నిండాయి. అందులో మునిగి ఒక బాలుడు చనిపోయాడు. మర్నాడు పత్రికలో నాలుగు పంక్తులు వచ్చాయి, ప్రమాదవశాత్తు పడ్డాడని. సమాధి కార్యం ముగిశాక ఆ తల్లి ఆ కాగితం నా చేతికిచ్చి, "నా కొడుకు పడ్డాడని రాశారు గాని, గుంట తవ్వినోళ్ళు కంప వెయ్యలేదని రాయలేదేంటి ఫాదర్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ గుంట పక్కనుండే నేనూ రోజూ మోటారు సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. ఒక్కనాడూ ఆగి, కంప వేయించమని ఎవరితోనూ అనలేదు.

గొయ్యి తవ్వి మూయకుండా వదిలినవాడు, అందులో ఎద్దు పడి చచ్చినా నష్టం చెల్లించవలెనని నిర్గమకాండము (21:33-34) చెబుతున్నది. పశువు ప్రాణానికే అంత లెక్క వున్నది!

అయితే ప్రతిదానికీ ఒక దోషిని వెదకమని కాదు. సిలోయము బురుజు కూలి మరణించిన 18 మంది ఇతరులకంటె పాపులని తలంచవద్దని క్రీస్తు ప్రభువు హెచ్చరించారు (లూకా 13:4-5). పోయినవారిని నిందించడం మన పని కాదు. ఎవరి తప్పూ లేకుండా వచ్చే ఆపదలూ వున్నాయి. వాటిని ఆపదలనే అందాం.

ఇకమీదట ఇంట్లో పత్రిక చదివేటప్పుడు ఈ మాట దగ్గర కాస్త ఆగండి. ఇక్కడ ఏమరినది ఎవరు, ఏం చేసివుంటే ఇది తప్పేది అని పిల్లలతో మాట్లాడండి. తరువాత మీ వీధిని ఒకసారి చూసి రండి. మూతలేని బోరుబావి, వేలాడే కరెంటు తీగ, కంపలేని గుంట కనిపిస్తే పంచాయతీకి అర్జీ పెట్టండి. అందుకు ఒక కాగితం చాలు.