ముందు గుడ్లు లెక్కపెట్టు

చిట్టితల్లికి,

బాపట్లలో మీ ల్యాబు సీసాల్లో డ్రోసోఫిలా ఈగల మేత జావలా మారి నల్లబడిందనీ, పురుగులు సగం ప్యూపా దశకే రాలేదనీ, వచ్చిన ఈగలు మరీ చిన్నగా ఉన్నాయనీ రాశావు. ఈస్టు పాడైందేమో, తెచ్చిన జాతిలోనే లోపముందేమో అని నీ అనుమానం. అంత పొడుగు ఉత్తరంలో సీసాకు ఎన్ని గుడ్లు పడ్డాయో మాత్రం ఎక్కడా లేదేమ్మా!

6 మిల్లీలీటర్ల మేతలో 60, 70 గుడ్లు హాయిగా పెరుగుతాయి. 25 డిగ్రీల దగ్గర 9, 10 రోజులకు ఈగలవుతాయి. తల్లి ఈగల్ని సీసాలో వదిలేసి మర్చిపోతే గుడ్లు వందల్లో పడతాయి. అప్పుడు కొన్ని వేళకే వస్తాయి, కొన్ని ఎంతకీ రావు, చచ్చేవి చస్తాయి.

ఇరుకంటే మేత చాలకపోవడమేనని అనుకుంటాం. అది సగమే నిజం. పురుగు తినే మేతలోనే విసర్జిస్తుంది, మళ్లీ దాన్నే తింటుంది. అమ్మోనియా, యూరియా రోజురోజుకూ పేరుకుంటాయి. ముందు ఎదిగినవి కాస్త శుభ్రమైన మేత తిని గోడెక్కి ప్యూపాలైపోతాయి. వెనకబడ్డవాటికి మిగిలేది మురికే.

ఈ సంగతి మీ నాన్నకు నేను చెప్పక్కర్లేదు. రేపల్లె వైపు వెనామీ రొయ్యల సాగు చేసేవాళ్లంతా నేర్చుకున్న పాఠమే ఇది. మన దేశంలో వెనామీకి 2009లో అనుమతి వచ్చింది. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వెయ్యకూడదని నిబంధన. రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మేత సరిపోయినట్టే కనిపించినా, చెరువు అడుగున పేరుకున్న మేత, రెట్ట కుళ్లి రొయ్యను తినేస్తాయి. మధ్యాహ్నం దాటాక నీటి పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. మీ నాన్న నీళ్లు మార్చుకోగలడు, ఏరేటర్లు తిప్పగలడు. సీసాలో పురుగుకు ఆ వీలు లేదు.

వీలు లేనిచోట తరాల మీద ఏమవుతుందో కాలిఫోర్నియాలో లారెన్స్ ముల్లర్, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో అమితాబ్ జోషి ఏళ్ల తరబడి చూశారు. ఇరుకులో పెంచిన వంశాల్లో తొందరగా బయటికొచ్చే ఈగల సంతతి గబగబా మేసేదనీ, ఆలస్యంగా వచ్చేవాటి సంతతి అమ్మోనియాను బాగా తట్టుకునేదనీ వాళ్లిద్దరూ భాగస్వాములైన 1998 నాటి పరిశోధన చూపింది. ఒకే సీసాలో రెండు బతుకుతెరువులు! నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం అదే. అందుకే ఆలస్యంగా వచ్చిన ఈగల్ని పనికిరానివని పారబోయకు, వేరే సీసాలో ఉంచు.

తర్వాత బెంగళూరులో తేలింది మరో మెలిక. 6 మి.లీ. మేతలో 1,200 గుడ్లు వేసిన వంశాల్లో మేసే వేగం పెరిగింది. 1.5 మి.లీ.లో 600 వేసిన వంశాలు మాత్రం వేగం పెంచుకోకుండానే త్వరగా ఎదగడం అలవరచుకున్నాయి. పురుగు వెనక కొసన ఉన్న శ్వాసరంధ్రాలు గాలికి తగలాలి గనక అది పైపొరలోనే మేస్తుంది. మేత లోతుగా ఉంటే మురికి కిందికి విస్తరించడానికి చోటుంటుంది, లేకపోతే ఉండదు. కాబట్టి నీ నోట్‌బుక్‌లో గుడ్ల సంఖ్యతో పాటు మేత ఎన్ని మి.లీ., సీసా అడ్డుకొలత ఎంత అన్నవి కూడా రాయి. ఇవి లేని ప్రయోగాన్ని నేను నమ్మను, మీ మాస్టారు నమ్మినా సరే.

ఇక చెయ్యాల్సింది. తల్లి ఈగల్ని కొద్ది గంటలే మేత పళ్లెం మీద వదిలి, గుడ్లను సన్న కుంచెతో లెక్కపెట్టి సీసాల్లోకి మార్చు. కొన్నిటిలో 70 చొప్పున, మామూలు మేత. కొన్నిటిలో 600 చొప్పున, అదే మేత. మరి కొన్నిటిలో 70 గుడ్లే వేసి, మేతలో కొలిచిన అమ్మోనియం క్లోరైడ్ కలుపు. మూడో వరసలోనూ పురుగులు చస్తుంటే మురికి ఒక్కటే ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. అమ్మోనియం క్లోరైడ్ మోతాదు మొదట తక్కువతో మొదలుపెట్టు.

వచ్చిన ఈగలు చిన్నవి కదా అని బలహీనమని రాసేయకు. ఇరుకులో పెరిగిన పురుగుల్లో హెచ్‌ఎస్‌పీ 70 అనే రక్షక ప్రోటీను పెరగడం, ఆ ఈగలు వేడికి మరింత ఓర్చుకోవడం కూడా కనిపించాయి. ముందు తూచు, ఆరబెట్టి మళ్లీ తూచు, ఎన్నాళ్లు బతికాయో చూడు. మొదటి వరస లెక్కలు రాగానే నాకు పంపు. కొట్టివేతలున్నా ఫరవాలేదు, చక్కగా తిరగరాసి పంపకు.

ఆశీస్సులతో,
పెదతాతయ్య