నల్లపూసలు: ఆభరణమా, విశ్వాసమా?

మిరప కోతలు ముగిసి, సరుకు గుంటూరు యార్డుకు చేరి, డబ్బు చేతికందిన తర్వాతే గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు కుటుంబాల్లో పెళ్ళి మాటలు ఊపందుకుంటాయి. ఆ రోజుల్లో మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది: "వధువు మెడలో నల్లపూసలు వేయవచ్చా? అది ఇతరుల ఆచారం కదా?" మన పొరుగు క్రైస్తవుల్లోనూ ఇలాంటి చర్చే ఉంది. కొన్ని సంఘాలవారు సిలువ గుర్తున్న తాళి కడతారు, మరికొందరు అసలు తాళే వద్దంటారు.

ఒక ఆచారం ఎక్కడ పుట్టిందన్నది మాత్రమే చూసి తీర్పు చెప్పడం ధర్మశాస్త్ర పద్ధతి కాదు. అజ్ఞాన కాలంలో సఫా, మర్వా కొండలపై విగ్రహాలు ఉండేవి. అందుకే అక్కడ సయీ చేయడానికి కొందరు సహాబీలు సంకోచించారు. అందులో దోషం లేదని 'అల్ బఖరా' సూరా 158వ ఆయత్ స్పష్టం చేసింది. అలాగే ఆనాటి అరబ్బులు శిశువు పుడితే జంతువును కోసి, దాని రక్తాన్ని బిడ్డ తలకు పూసేవారు. ఇస్లాం అఖీఖాను ఉంచింది, రక్తాన్ని తొలగించింది. దాని స్థానంలో కుంకుమపువ్వు వచ్చింది.

అయితే విశ్వాసం విషయంలో రాజీ లేదు. పది మంది బైఅత్ చేయడానికి వస్తే, దైవప్రవక్త (సఅసం) తొమ్మిది మందితోనే బైఅత్ తీసుకున్నారు. పదో వ్యక్తి ఒంటిపై తాయెత్తు ఉంది. అతను దాన్ని తెంచివేసిన తర్వాతే అతని బైఅత్ స్వీకరించారని ముస్నద్ అహ్మద్‌లో ఉంది.

ఇప్పుడు మన ఇళ్ళలో 'కాలీపోత్' అని పిలుచుకునే నల్లపూసల సంగతి చూద్దాం. అవి కేవలం నగ అయితే గాజుల్లాగా, గొలుసుల్లాగా ధరించవచ్చు. కాని అవి లేనిదే నికాహ్ పూర్తికాదనుకోవడం తప్పు. నికాహ్‌కు కావలసినవి ఈజాబ్, ఖబూల్, సాక్షులు. మహర్ వధువు హక్కు. పూసలు తెగితే భర్త ఆయుష్షుకు ముప్పు అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది, దారంలో లేదు. పరమతానికి ప్రత్యేక చిహ్నమైన దాన్ని అనుకరించడం కూడా మనకు తగదు.

ఈ తప్పుడు నమ్మకం భారమంతా చివరికి పడేది వితంతువు మీదే. భర్త జనాజా లేవకముందే ఆమె పూసలు తెంచుతారు, గాజులు పగలగొడతారు. ఆ తర్వాత సొంత చెల్లెలి పెళ్ళిలో పసుపు రాయడానికి కూడా ఆమెను దగ్గరకు రానివ్వరు. ఇది ఏ షరీఅత్? భర్త చనిపోయిన స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. గర్భవతి అయితే ప్రసవం వరకు. ఆ గడువులో అలంకరణ మానడం అల్లాహ్ ఆజ్ఞా పాలన, అపశకునం కాదు. గడువు తీరాక ఆమె అలంకరించుకోవచ్చు, పునర్వివాహం చేసుకోవచ్చు. దైవప్రవక్త (సఅసం)ను పెళ్ళాడే నాటికి హజ్రత్ ఖదీజా (రజి) వితంతువే. విశ్వాసుల తల్లిని మించిన శుభం ఏ ఇంటికి కావాలి?

కాబట్టి పూసల కోసం కోడలితో పోట్లాడకండి, బలవంతంగా వేయకండి, బలవంతంగా తీయకండి. ముందు మనసులోని నమ్మకాన్ని సరిచేయండి. ఈసారి మీ ఇంటి పెళ్ళిలో వధువు కోసం మొదటి దుఆ ఆ ఇంటి వితంతువుతోనే చేయించండి.

అల్లాహ్ మన విశ్వాసాలను, మన ఇళ్ళను సంస్కరించుగాక. ఆమీన్.