అరణ్యవాసము – ఏకాంతము

దండకారణ్యమనగానే మునుల తపోవనములు మనకు స్మరణకు వచ్చును. నేటి బస్తరు ఆ అరణ్యములోనిదే యని సంప్రదాయము. దానిని తలచినప్పుడు, "అందరిని విడిచి ఇట్టి అడవిలో ఒంటరిగా జీవింతును" అను సంకల్పము కొందరు యువకులకు పొడముట సహజము. ఈ కోరికను పరిహసింపరాదు; భోగములతో తృప్తిచెందక సత్యమును వెదకు మనస్సే అట్లు పలుకును. అయినను దానియందొక భ్రమ దాగియున్నది. దానిని గుర్తింపనిచో ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును.

ఇట్టి సంకల్పముతోనే వెడలిన అమెరికా యువకుడు క్రిస్ మెక్‌కాండ్‌లెస్. ఆతడు 1990లో విశ్వవిద్యాలయ విద్యను ముగించి, తన ధనము దాదాపు 24,000 డాలర్లను అన్నార్తులకు తోడ్పడు సంస్థకు దానము చేసి, ఇంటివారికి తెలుపకయే దేశసంచారమునకు బయలుదేరెను. 1992 ఏప్రిల్‌లో కొద్దిపాటి బియ్యపు సంచితో అలాస్కా అడవి ప్రవేశించెను. జనసమాజమును త్యజింపగోరిన ఆతనికి అచట ఆశ్రయమిచ్చినదేది? మనుష్యులు విడిచిపోయిన ఒక పాత బస్సు!

జూలైలో ఆతడు మరలి రాబోయెను. కాని వచ్చునపుడు సులభముగా దాటిన నది పొంగి దారి నడ్డగించెను. ఆ నదిపైననే కొంతదూరమున, చేతితో లాగికొని దాటుటకు వీలగు తీగమార్గమొకటి అప్పుడుండెను. తగిన పటము లేనందున ఆతడు దాని నెరుగడు. బస్సునకు తిరిగివచ్చి, ఆగస్టులో, ఇరువదినాల్గవ యేట ఆకలితో మరణించెను. ఆనందము ఇతరులతో పంచుకొన్నపుడే నిజమగునని ఒక పుస్తకపు అంచున వ్రాసికొనెను. బాటసారులెవరైన వచ్చినచో తన్ను రక్షింపుడని వేడుచు బస్సు తలుపునకు చీటి నంటించెను. మనుష్యులను వీడిపోయినవాడు మనుష్యునికై ఎదురుచూచుచు కన్నుమూసెను.

ఇప్పుడు బస్తరును చూతము. అచటి అబూజ్‌మాడ్ అను పేరునకు 'ఎరుగరాని కొండలు' అని అర్థము చెప్పుదురు. ఎరుగరానివి ఎవరికి? బయటివారికే. తరతరములుగా అచట నివసించు మాడియాలకు ప్రతి వాగును, ప్రతి బాటయు పరిచితమే. పట్టణవాసి నిర్జనమని తలచి కూర్చుండు చెట్టు, ఏటేట ఒక కుటుంబము పూలేరుకొను ఇప్పచెట్టు కావచ్చును. కొండవాలుపై పోడుసేద్యము వారు కలసి చేయుదురు. ఉప్పునకై సంతకు పోవుదురు. పొరుగునగల మురియాల పల్లెలలో అవివాహిత యువజనులు కూడు 'ఘోటుల్' అను గృహమునుగూర్చి వెరియర్ ఎల్విన్ 1947లో ఒక గ్రంథమునే ప్రకటించెను. ఆటపాటలతోపాటు ఊరి పనులను, కట్టుబాట్లను అచట వారు నేర్చుకొనెడివారు. అడవి నెరిగినవారు అడవిలో ఒంటరిగా జీవింపరు. ఎరుగనివాడే ఒంటరితనమును కోరును!

శ్రీరాముడును ఈ అరణ్యమునకు సీతాలక్ష్మణులతో వచ్చెను. అచట పదియేండ్లు ఒక మున్యాశ్రమమునుండి మరియొక దానికి పోవుచు గడిపెను. పంచవటిని చూపినవాడు అగస్త్యుడు. సీతమ్మ పర్ణశాలలో ఒంటరియైన ఆ ఒక్కమారే మహాపద సంభవించెను.

మరి ఏకాంతము వ్యర్థమా? కానేకాదు. వివిక్తదేశసేవనమును గీత పదుమూడవ అధ్యాయము జ్ఞానసాధనములలో లెక్కించినది. కాని సర్వభూతహితమున ఆసక్తులైనవారు భగవంతుని పొందుదురని దానికి ముందటి అధ్యాయమే తెలుపుచున్నది. ఏకాంతమనగా జనులపై అలుక కాదు; చిత్తము చెదరకుండుట. జనులను వీడినను మనస్సు వెంటవచ్చును. అది కలతతో నున్నచో అడవియు సంతయే. శాంతించినచో సంతయు తపోవనమే.

కావున అడవికి పోదలచిన యువకుడు ముందుగా తన ఇంటనే ప్రతిదినము ఒక గడియ మౌనముగా కూర్చుండ నేర్చుకొనుగాక. పిదప పోవలెనన్న, అడవి నెరిగినవారి నడిగి, తనవారికి చెప్పి పోవుగాక. భుజముపై నున్న బియ్యపు సంచిని దించునపుడు, దానిని పండించిన చేతులను తలచుకొనుగాక. ఆ కృతజ్ఞత కలిగిననాడు ఆతడు అడవిలోనున్నను ఒంటరి కాడు.