మట్టికోట

'అడుసు తొక్కనేల, కాలు కడుగనేల' అన్నది తెలుగువారి సామెత. బురద అనగానే తప్పుకొని పోవలసినదన్న భావమే అందులో ఉంది. కంప్యూటర్ తెరపై కోటలు కట్టే ఆటలు ఆడే యువకులకూ బురద చికాకే. నిజమైన కోటలు కట్టిన పూర్వికులు మాత్రం అడుసును కోరి తొక్కారు.

హైదరాబాదు నుండి పడమరగా, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల నడుమ నుండి సాగే దారి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల చేరుతుంది. మర్రిచెట్లకు పేరుపొందిన ఈ దారికి ఇరువైపులా ఎర్రనేలలూ ఉన్నాయి, నల్లరేగడులూ ఉన్నాయి. ఈ రెండింటి స్వభావం తెలిస్తే మట్టిగోడ రహస్యం సగం తెలిసినట్లే. రేగడిలో బంకమన్ను ఎక్కువ. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కేవలం రేగడితో గోడ పెడితే మొదటి వేసవికే చీలుతుంది. ఇసుక, మొరం ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి నెర్రెలు విచ్చదు గాని, పట్టు లేక రాలిపోతుంది. ఇసుక గోడకు ఎముక, బంక దానికి కండ. రెండూ పాళ్లు కుదరాలి.

అందుకే మట్టిని తడిపి, నానబెట్టి, వరిగడ్డి ముక్కలు గాని పొట్టు గాని కలిపి, మనుషులో పశువులో తొక్కేవారు. గడ్డి పోచలు ఎండే మట్టిని పట్టి ఉంచి, పెద్ద చీలిక రానీయవు. ఒక వరుస పెట్టి, అది ఆరిన తరువాతనే మరొక వరుస పెట్టాలి. తొందరపడితే పై బరువుకు కింది తడిమట్టి జారుతుంది. తెలంగాణ పల్లెలలో అక్కడక్కడ మిగిలి ఉన్న పాత మట్టిగోడలు అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండడానికి కారణం ఈ బరువే.

ఈ విద్య ఎంత దూరం పోగలదో ఓరుగల్లు చూపింది. ఆ నగరానికి ఏకశిల అన్న పేరుంది. ఆ పేరు విన్నవారికి రాయే గుర్తుకు వస్తుంది. కాని రాతికోటకు ముందుగా శత్రువును ఎదుర్కొన్నది మట్టికోటయే. గణపతిదేవుని కాలంలో మొదలైన రాతికోటను రుద్రమదేవి పూర్తిచేయించి, దాని చుట్టూ మట్టికోటను, కందకాన్ని నిర్మింపజేసింది. కందకం తవ్వగా వచ్చిన మన్నే గోడ అవుతుంది; లోతు పెరిగినకొద్దీ ఎత్తూ పెరుగుతుంది.

1310లో మాలిక్ కాఫర్ సేన ఈ గోడ ముందు నిలిచింది. యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి వెనుకకు ఎగిరిపడేవన్న భావంతో ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో వర్ణించాడు. కవి మాటలో అతిశయోక్తి ఉండవచ్చు. అయినా శత్రుపక్షపు కవి మెచ్చుకోలు తేలికగా తీసివేయదగినది కాదు. గట్టిరాయి దెబ్బకు పగులుతుంది, మట్టిదిబ్బ దెబ్బను తనలో ఇముడ్చుకొంటుంది. ఆ సేన చివరకు కందకాన్ని మట్టితోనే పూడ్చి, బయటి గోడను వశపరచుకొంది. మట్టికి ఎదురు మట్టియే అయింది. ప్రతాపరుద్రుడు సంధి చేసుకొన్నాడు. 1323లో ఉలుగ్ ఖాన్ దండయాత్రతో కాకతీయ రాజ్యం అంతరించింది.

మట్టిగోడకు శత్రుసేన ఎప్పుడో గాని రాదు. వాన ఏటా వస్తుంది. చూరు నుండి పడిన చినుకు నేలను తాకి చిమ్మినప్పుడు గోడ పాదం ముందుగా కరుగుతుంది. తల తడిస్తే నీరు లోపలికి దిగి బంకను వదులు చేస్తుంది. కనుక తొలకరికి ముందే గోడ పాదానికి మన్ను ఎత్తి, పైభాగాన్ని మెత్తి, నెర్రెలు పూడ్చేవారు. మిద్దె ఇళ్లపై చౌడుమన్ను పరచడం కూడా ఈ ఏర్పాటులోనిదే. తడిసిన చౌడు సందులు మూసుకొని నీటిని దిగనీయదు. ఈ పని ఒకటి రెండు ఏళ్లు ఆగితే చాలు, ఫిరంగి చేయలేని పనిని చినుకు చేస్తుంది. ఊరు వలసపోయిన చోట గోడలు కూలడానికి కారణం మట్టి బలహీనత కాదు, మెత్తే చేతులు లేకపోవడమే.

కూలిన గోడ వృథా కాదు. ఊరు ఎత్తిపోయిన చోట మిగిలే దిబ్బను పాటిదిబ్బ అంటారు. ఏళ్ల తరబడి బూడిద, పేడ, గడ్డి కలిసిన ఆ పాటిమన్నును రైతులు ఎరువుగా బండ్లతో పొలాలకు తోలుకొనేవారు.