త్యాగం చేసే ముందు ఒక్క మాట అడగండి: సీతారాముల సంవాదం నేర్పే పాఠం

ఈ వారం వీడియోలో వాల్మీకి రామాయణం అయోధ్యకాండలోని సీతారాముల సంవాదం చూశాం కదా. అందులో ఒక్క విషయం ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకుందాం.

కైకేయి కోరిన వనవాసం రాముడికి మాత్రమే. అందుకే సీతమ్మను అయోధ్యలోనే ఉండమంటాడు. అడవిలో సింహాలు, ముళ్ళు, ఆకలి, ఆకుల మీద నిద్ర, ఇవన్నీ నీకెందుకంటాడు. ఆయన దృష్టిలో నిస్వార్థం అంటే తన కష్టం భార్య మీద పడకుండా చూడటం.

సీతమ్మ ఒప్పుకోదు. తానే ముందు నడిచి దారిలో ముళ్ళు తొక్కుతూ వెళ్తానంటుంది. ఆవిడ దృష్టిలో నిస్వార్థం అంటే కష్టంలో పక్కన ఉండటం. ఇద్దరిలో ఎవరికీ స్వార్థం లేదు. అయినా వాదన వచ్చింది!

మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆ మధ్య ప్రాజెక్ట్ ఆగిపోయి రెండు నెలలు బెంచ్ మీద ఉన్నాను. నా భార్యకి చెప్పలేదు. రోజూ లాప్‌టాప్ ముందు కూర్చుని మీటింగ్ ఉన్నట్టు నటించేవాణ్ణి. నా ముఖం చూసి తను ఏదో అనుకుని, వాళ్ళ చెల్లి సీమంతానికి వెళ్ళడం మానుకుంది. నిజం బయటపడ్డాక "నీకోసమే దాచాను" అన్నాను. "నాకోసం కాదు, నా దగ్గర చిన్నబోకూడదని దాచావు" అంది. "మరి నిన్ను సీమంతం మానుకోమని నేను అడిగానా?" అన్నాను. ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

గీత 17వ అధ్యాయం 20వ శ్లోకంలో సాత్విక దానం గురించి ఉంది. తిరిగి ఏమీ ఆశించకూడదు. అంతేకాదు, తగిన చోట, తగిన సమయంలో, తగిన వ్యక్తికి ఇవ్వాలి. త్యాగానికీ ఇది వర్తిస్తుందని నాకనిపిస్తుంది. ఎదుటివాళ్ళకి ఏం కావాలో తెలుసుకోకుండా చేసింది మన తృప్తి కోసమే. తర్వాత "నీకోసం ఇంత చేశాను" అన్నామంటే బిల్లు చేతికిచ్చినట్టే.

మగవాళ్ళంటే దాచేవాళ్ళు, ఆడవాళ్ళంటే పంచుకునేవాళ్ళు అని గీత గీయకండి. వెంట వస్తానని లక్ష్మణుడూ పట్టుబట్టాడు. మనం పెరిగిన తీరు వల్ల చాలామందికి ఆ అలవాట్లు వచ్చాయి, అంతే.

చివరికి రాముడు ఏమన్నాడు? నీ మనసులో ఉన్నదంతా తెలియక వద్దన్నానని ఒప్పుకున్నాడు. సాక్షాత్తూ రాముడికే ఆ మాట అనడానికి మొహమాటం లేనప్పుడు మనకెందుకు?

ఈ వారం సాధన: త్యాగం చేసే ముందు "నీకేం కావాలి?" అని అడగండి. జవాబు పూర్తిగా వినండి.

జై శ్రీరామ్.