ఉమ్మడి జలము

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పలునకు పోవు మార్గమున హబ్సిగూడ యను ప్రదేశము కలదు. 1961వ సంవత్సరమున స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ యచ్చటనే యున్నది. భూగర్భజలము ఎచ్చట, ఎంత లోతున నున్నదో పరిశోధించుట ఈ సంస్థ చేయు పనులలో నొకటి. మన తెలుగునేలలో చాలభాగము గట్టిరాతి ప్రాంతము. అట్టి చోట్ల నీరు రాతిబీటలలోను, రాయి శిథిలమై యేర్పడిన పైపొరలోను మాత్రమే నిలుచును. కావున ఒక రైతు తన బోరుబావినుండి మితిమీరి తోడినచో పొరుగువాని బావి యెండిపోవచ్చును.

నీరెచ్చట నున్నదో శాస్త్రజ్ఞుడు చెప్పగలడు. కాని, దాని నెవ్వరెంత వాడుకొనవలెనో నిర్ణయించువా రెవరు? ఈ ప్రశ్నను పరీక్షించుటకై పరిశోధకులు ఒక ఆటను కల్పించి, ఆంధ్రప్రదేశమునందలి గట్టిరాతి ప్రాంతపు గ్రామములలో రైతులచే ఆడించిరి. దాని ఫలితములు 2016, 2018 సంవత్సరములలో ప్రకటింపబడినవి.

ఆ యాటలో కొందఱు రైతులు జట్టుగా కూర్చుందురు. ప్రతి విడతయందును ఒక్కొక్కరు రెండు పంటలలో నొకదాని నెన్నుకొనవలెను. మొదటిదానికి నీరు తక్కువ, ఆదాయమును తక్కువ. రెండవదానికి రెండును ఎక్కువ. అందఱును రెండవదానినే కోరినచో ఉమ్మడి నీరు విడతవిడతకును తరిగిపోవును.

పంటకును నీటికిని గల సంబంధము కన్నులకు గట్టినప్పుడు రైతులు సహకరింపగలరని తేలినది. ఆటలో గెలిచిన సొమ్మును ఎవరిది వారికే యిచ్చినను వారి యెన్నికలో మార్పు రాలేదు. తమలో తాము మాటలాడుకొనుటవలన మొదటి యేట ప్రయోజనము కనబడలేదు. మఱుసటి యేట మాత్రము కనబడినది. ఆటల యనంతరము ఈ గ్రామములలో, ఆట లాడని గ్రామములలోకంటె హెచ్చుగా, నీటి లెక్కల పుస్తకములును, వాడుక నియమములును ఏర్పడినవి. అయినను, భూగర్భజలము తరుగుటకు కారణములు పెక్కు. కేవలము ఆటలవలననే ఆ తరుగుదల యాగదని పరిశోధకులే హెచ్చరించిరి.

బావినీటివలెనే వాయుమండలమును అందఱి సొత్తు. ఒక దేశపు పొగ ఆ దేశముపైననే నిలువదు. జర్మనీలో జరుపబడి 2008వ సంవత్సరమున ప్రకటింపబడిన పరీక్ష ఈ విషయమును గూర్చినదే. ఆరుగురు విద్యార్థుల జట్టులో ఒక్కొక్కరికి 40 యూరోలిచ్చిరి. పది విడతలలో అందఱును కలిసి 120 యూరోలు ఉమ్మడినిధికి చేర్పవలెను. చేర్పనిచో, మిగిలిన సొమ్మంతయు పోవుటకు నూటికి 90 పాళ్లు అవకాశము కలదని ముందే తెలిపిరి. అట్లయినను పది జట్లలో ఐదు మాత్రమే గట్టెక్కినవి. అపాయము నూటికి 10 పాళ్లే యని చెప్పినప్పుడు ఒక్క జట్టును గెలువలేదు.

విద్యార్థులారా! ఆ జట్టులో ఒక్కొక్కరు 20 యూరోలు విడిచినచో తక్కిన 20 యూరోలు నిశ్చయముగా దక్కియుండెడివి. ఇతరులు ఇత్తురో లేదో యను సందేహము సగము జట్లను ముంచియుండవచ్చును. తెలుగు గ్రామములలో ఆ సందేహమును తొలగించుటకు ఉపకరించునవి అందఱికి కనబడు లెక్కలు, అందఱు కూడి చేసికొన్న కట్టుబాట్లు. బావికైనను, భూగోళమునకైనను ఇవియే మొదటి మెట్లు.