తప్పు లేక గుర్తించుట

మన జహీరాబాదు ప్రాంతపు కృషీవలునకు చెఱకు సుపరిచితము. ఒకే దిశలో కంపించు కాంతిని ధ్రువిత కాంతి యందురు. చక్కెర కలిపిన నీరు తన గుండ పోవు ధ్రువిత కాంతియొక్క దిశను కొంత త్రిప్పును. ఆ త్రిప్పును కొలిచి, రసములో చక్కెర యెంత కలదో కనుగొందురు. అసంఖ్యాకములైన కాంతికణములు ఒకే రీతిగ వచ్చుచుండుటచేతనే ఈ కొలత సాధ్యమగుచున్నది. ఒక్క కణమే వచ్చినచో దాని దిశను తెలిసికొనగలమా?

ఒకడు మనకు ఒక్క ఫోటానును పంపెననుకొనుడు. అది నిలువుగనైనను, 45 డిగ్రీలు వాలియైనను ఉండును; రెంటికిని అవకాశము సమానము. జొన్నలను, కందులను ఏరి వేఱుచేసినట్లు వీనిని వేఱుచేయజాలము. పరస్పరము లంబములు కాని స్థితులను ప్రతిసారియు తప్పక గుర్తించు యంత్రము ఉండజాలదని క్వాంటం శాస్త్రము చెప్పుచున్నది.

అయినను ఉపాయము కలదు. ధ్రువణకారి యను పలకను అడ్డముగ నమర్చినచో నిలువు ఫోటాను దానిని ఎన్నటికిని దాటదు. వాలినది నూటికి 50 సారులు దాటును. కావున ఫోటాను దాటెనేని అది వాలినదే యని నిశ్చయము. దాటకున్నచో ఏమియు నిశ్చయింపరాదు. ఇట్లే పలకను వాలుదిశకు లంబముగ నుంచినచో, దాటినది నిలువుదే. ఈ రెండు విధములను మార్చి మార్చి యుపయోగించినచో నూటికి 25 సారులు నిస్సందేహమగు నుత్తరము లభించును.

ఇంతకంటె మేలైన పద్ధతికి 1987లో ఇవనోవిచ్ దారిచూపగా, 1988లో డీక్స్, పెరెస్ అను శాస్త్రజ్ఞులు దానిని పరమావధికి కొనిపోయిరి. ఆ పద్ధతిలో పై సంఖ్య 29.3 అగును. నిశ్చయము చెడకుండ అంతకు మించుట అసాధ్యము. ప్రతిసారియు ఏదో యొకటి చెప్పితీరవలె నన్నచో, నూటికి 85 సారులు ఒప్పగును. కాని తప్పినవి యేవియో మనకు తెలియదు.

ఇది వట్టి వినోదము కాదు. 1992లో బెన్నెట్ ఇట్టి రెండు స్థితులతోనే రహస్యసంకేతమును పంపు మార్గమును చూపెను. గ్రహీత తనకు నిశ్చయముగ తెలిసినవానినే నిలుపుకొని, తక్కినవానిని విడిచిపెట్టును. నడుమ చొరబడినవాడు తెలియనిచోట ఊహించి మరల పంపెనేని, అందు కలుగు తప్పులే వానిని పట్టియిచ్చును.

విద్యార్థులారా, ఇందలి కీలకమును గమనింపుడు. “నిలువు”, “వాలు” అను రెండుత్తరములతోపాటు “తెలియదు” అను మూడవ యుత్తరమునకు చోటిచ్చినందుననే మొదటి రెండును పూర్తిగ నమ్మదగిన వైనవి.